బొమ్మలకథల శిల్పి ఎర్జే – ఆతని జీవితము, ఆతని మిత్రులు

ఒంటి చేతితో చప్పట్లు మ్రోగవని మన పెద్దలు చెప్పుదురు. అయినను లోకము చప్పట్లు కొట్టునది మాత్రము ఒక్కనికే. గోపురమును చూచినవారు కట్టించిన ప్రభువు పేరు అడుగుదురు గాని, రాయి మోసినవాని పేరును, ఉలి పట్టినవాని పేరును అడుగువారు అరుదు. గ్రంథముల విషయమునను ఇంతే. అట్టపై ఒక్క పేరు ముద్రితమై యుండును. ఆ పేరు వెనుక ఎందరి కన్నులు, ఎందరి చేతులు పనిచేసినవో చదువరి ఎరుగడు.

బెల్జియము దేశీయుడును, టిన్‌టిన్ అను బాలవిలేఖరి కథలను సృజించి దేశదేశములందు కీర్తి గడించినవాడును అగు ఎర్జే జీవితమును ఈ సంచికయందు చదువరుల ముందుంచుచున్నాము. ఆతని చిత్రకళను గూర్చి వ్రాసినవారు పలువురు కలరు. మేము ముఖ్యముగా ఆతని స్నేహములను గూర్చి వ్రాయదలచితిమి. ఏలయన, ఆతని కళ పెరిగినది స్నేహములవలన. ఆతని తప్పులలో కొన్ని చెంతనున్న వారివలన కలిగినవి. కొన్ని చెంతకు వచ్చిన వారివలన దిద్దుబడినవి.

జననము – బాల్యము

ఎర్జే అసలు పేరు జార్జ్ రెమీ. ఆతడు 1907వ సంవత్సరము మే నెల 22వ తేదీన బ్రస్సెల్సు నగరమును ఆనుకొనియున్న ఎటెర్బీక్ అను పేటలో జన్మించెను. తండ్రి అలెక్సీ రెమీ పిల్లల దుస్తులు తయారుచేయు సంస్థలో ఉద్యోగి. తల్లి పేరు ఎలిజబెత్. వారిది ధనిక కుటుంబము కాదు, కూటికి కొరతపడినదియు కాదు.

ఏడేండ్ల ప్రాయమున మొదటి ప్రపంచ సంగ్రామము వచ్చెను. జర్మను సైనికులు బ్రస్సెల్సు వీధులను ఆక్రమించిరి. ఆ బాలుడు వారి బొమ్మలను తన బడి పుస్తకముల అంచులయందు గీయుచుండెడివాడు. చదువులో చురుకైనవాడే యైనను చిత్రలేఖనమును క్రమముగా అభ్యసింపలేదు. ఒక చిత్రకళా పాఠశాలలో చేరి, ఒక్క పాఠముతోనే విసిగి, మరల ఆ గడప త్రొక్కలేదు. ఆతనికి నిజమైన బడి స్కౌటు దళము. అడవులలో తిరుగుట, గుడారము వేయుట, ఆడిన మాట తప్పకుండుట ఆతడచ్చటనే నేర్చెను. తోడి బాలురు ఆతనికి కుతూహలపు నక్క యని ముద్దుపేరు పెట్టిరి.

స్కౌటుల పత్రికకే మొదట బొమ్మలు వేసెను. తన పేరులోని మొదటి అక్షరములను తారుమారు చేసి ఫ్రెంచి ఉచ్చారణలో పలుకగా ఎర్జే యైనది. 1924వ సంవత్సరము నుండి ఆ పేరుతోనే సంతకము చేసెను. 1926లో ఆ పత్రికయందే టోటోర్ అను స్కౌటు బాలుని కథను ఆరంభించెను. టిన్‌టిన్‌కు ఆతడే అన్నయని చెప్పవచ్చును.

పత్రికోద్యోగము – టిన్‌టిన్ పుట్టుక

చదువు ముగిసిన పిమ్మట 1925లో ఇరువదవ శతాబ్దము అను అర్థము గల పేరుతో వెలువడుచుండిన కాథలిక్ దినపత్రికయందు, చందాదారుల శాఖలో చిన్న ఉద్యోగమునకు కుదిరెను. సైనికశిక్షణ ముగించి తిరిగి వచ్చినంతట ఆ పత్రికాధిపతి నోర్బెర్ వాలెజ్ అను మతగురువు ఆ యువకుని ప్రతిభను గుర్తించెను. పిల్లలకై గురువారపు అనుబంధము నొకదానిని 1928 నవంబరు 1వ తేదీన ఆరంభించి దాని భారమును ఎర్జేకు అప్పగించెను. ఆ అనుబంధమునందే 1929 జనవరి 10వ తేదీన టిన్‌టిన్ తన తెల్లకుక్కతో కూడ రష్యాకు రైలెక్కెను.

ఆ కథకు కలిగిన ఆదరణ ఇంతంత కాదు. కథ ముగిసిన పిమ్మట 1930 మే 8వ తేదీన టిన్‌టిన్ వేషము వేసిన ఒక బాలుని బ్రస్సెల్సు ఉత్తరపు రైలుస్టేషనులో దింపగా, ఆతనిని చూచుటకు జనము విరగబడిరి. వాలెజ్ ఎర్జేకు ఉపాధినిచ్చెను, చదువుట నేర్పెను, పెండ్లికి సైతము కారకుడయ్యెను. ఆతని కార్యదర్శిని జెర్మేన్ కీకెన్స్‌ను ఎర్జే 1932 జూలైలో వివాహమాడెను.

అయితే గురువు ఇచ్చిన కన్నులతోనే శిష్యుడు లోకమును చూచెను. రష్యా కథయందు ఆతడు రష్యాను చూడలేదు. గురువుగారి ద్వేషమును చూచెను. 1930లో ఆరంభమైన కాంగో కథయందును ఇంతే. కాంగో ఆనాడు బెల్జియము వలసరాజ్యము. అచ్చటి ప్రజలను మందబుద్ధులుగను, తెల్లదొరను చూచి సాగిలపడువారిగను చిత్రించెను. పరపాలన ఎట్టిదో అనుభవమున ఎరిగిన దేశీయులము మనము. ఆ బొమ్మలను చూచినచో మనకు నవ్వు రాదు. పిమ్మట ఎర్జేయే ఆ కథను తన యౌవనదోషముగా ఒప్పుకొనెను. 1946లో రంగులలో మరల వేసినపుడు కొన్ని దృశ్యములను మార్చెను. బడిపిల్లలకు బెల్జియమే మీ దేశమని టిన్‌టిన్ బోధించు పాఠమును తీసివైచి దాని స్థానమున కూడికల లెక్కలను పెట్టెను. అంతటితో ఆ కథ నిర్దోషమైనదని మేము చెప్పజాలము.

చాంగ్ స్నేహము

ఎర్జే జీవితమును రెండుగా చీల్చిన సంవత్సరము 1934. టిన్‌టిన్‌ను చీనా దేశమునకు పంపబోవుచున్నట్లు ఆతడు ప్రకటింపగా, లూవెన్ విశ్వవిద్యాలయమున చీనా విద్యార్థుల యోగక్షేమములు చూచు గోసే అను మతగురువు ఆతనికి జాబు వ్రాసెను. పొడుగు జడలు, చప్పిడి ముక్కులు, క్రూరపు నవ్వులు గల చీనావారిని గీసినచో తన విద్యార్థుల మనస్సు నొచ్చుననియు, ముందు ఆ దేశమును తెలిసికొని పిదప వ్రాయవలసినదనియు దాని సారాంశము. చిన్నవాడైనను పేరు పొందిన చిత్రకారుడు ఇట్టి జాబు చూచి కోపింపవచ్చును. ఎర్జే కోపింపలేదు. తెలిసికొనుటకు ఎవరిని ఆశ్రయింపవలెనని అడిగెను.

ఇట్లు చాంగ్ చోంగ్‌రెన్ అను యువకుడు ఆతని ఇంటికి వచ్చెను. చాంగ్ షాంఘై వాడు, బ్రస్సెల్సు రాయల్ లలితకళా అకాడమీయందు శిల్పవిద్యార్థి. ఇద్దరును 1907లో పుట్టినవారే. 1934 మే నెల నుండి ఆదివారములందు కలిసికొని గంటలకొలది మాటలాడుచుండెడివారు. చాంగ్ ఆతనికి చీనా కుంచె పట్టుట నేర్పెను. చెట్టును గీయుటకు ముందు చెట్టును చూడవలెనని నేర్పెను. తన దేశపు కవులను గూర్చి, తత్త్వమును గూర్చి చెప్పెను. అన్నిటికన్న ముఖ్యముగా తన దేశమునకు జరుగుచున్న అన్యాయమును చెప్పెను.

1931 సెప్టెంబరు 18వ తేదీన మక్డెన్ సమీపమున రైలుమార్గమున ప్రేలుడు జరిగెను. దానిని చేసినవారు జపాను సైనికులే. నేరమును చీనావారిపై మోపి, ఆ నెపమున వారు మంచూరియాను ఆక్రమించిరి. ఐరోపాలో పలువురు జపాను చెప్పిన మాటలనే నమ్మిరి. ఎర్జే నీల కమలము అను కథయందు ఆ ప్రేలుడును, ఆ అబద్ధమును, జపాను నానాజాతి సమితినుండి వైదొలగుటను పిల్లలకు తెలియు బొమ్మలలో గీసి చూపెను. 1934 ఆగస్టు నుండి 1935 అక్టోబరు వరకు ఆ కథ వెలువడెను. గోడలపై, దుకాణపు పలకలపై కనబడు చీనా అక్షరములు చాంగ్ వ్రాసియిచ్చినవే. వానిలో జపాను సరకును బహిష్కరింపుడను మాటలును కలవు. ఫ్రెంచి చదువరులకు అవి అలంకారములు. చదువగలవానికి అవి రణఘోషలు. ఈ కథపై జపాను దౌత్యాధికారులు ఫిర్యాదు చేసిరి. ఎర్జే తగ్గలేదు.

కథలో ఒక చోట టిన్‌టిన్ వరదలో కొట్టుకొనిపోవుచున్న ఒక చీనా బాలుని కాపాడును. వాని పేరును చాంగే. ఒకరి జాతిని గూర్చి మరొకరు విన్న పిచ్చికథలను చెప్పుకొని ఆ బాలురిద్దరు నవ్వుకొందురు. ఆ నవ్వులో ఎర్జే తన పూర్వపు కథలను తానే పరిహసించెనని మా అభిప్రాయము. నిజము చెప్పవలెనన్న, అదే గ్రంథమునందు జపాను వారిని వికృతముగా చిత్రించెను. ఒక కన్ను తెరచుకొన్నది గాని రెండవది ఇంకను మూసియే యుండెను. అయినను ఆనాటి నుండి చూడని వస్తువును గీయరాదను నియమము ఆతనికి ఏర్పడెను. ఓడలు, విమానములు, దుస్తులు, ఇండ్లు – వీని ఛాయాపటములను కత్తిరించి దాచుకొనుట అలవాటయ్యెను. చాంగ్ 1935లో స్వదేశమునకు పోయెను. పిమ్మట యుద్ధములు వచ్చి ఇరువురకు వార్తలు తెగిపోయెను.

యుద్ధకాలము

1940 మే 10వ తేదీన జర్మనులు బెల్జియముపై పడిరి. ఎర్జే పనిచేయు పత్రిక ఆగిపోయెను. ల స్వార్ అను పెద్ద దినపత్రిక ఆక్రమణదారుల చేతిలోనికి పోయి వారి కనుసన్నల నడచుచుండెను. ఎర్జే ఆ అక్టోబరులో దానిలో చేరెను. పలువురు విలేఖరులు కలము దించిన కాలమున ఆతడు కుంచె దించలేదు. చదువరులు లక్షలలో పెరిగిరి. తాగుబోతు కెప్టెన్ హాడక్, చెవిటి శాస్త్రవేత్త కాల్క్యులస్ ఆ కాలమున పుట్టినవారే. ఉల్కను గూర్చిన కథలో ఒక యూదు ధనికుని నీచముగా గీసినదియు ఆ కాలముననే. యూదులను చెరబట్టుచున్న నాళ్లలో అట్టి బొమ్మ వేయుట మిక్కిలి దోషము. పుస్తకముగా అచ్చువేసినపుడు కొంత తీసివైచినను మచ్చ మిగిలినది.

ఈ కాలమున ఆతనికి దొరికిన మిత్రుడు జాక్ వాన్ మెల్కెబెకె, చదువును హాస్యమును పుష్కలముగా గలవాడు. వారిరువురు కలిసి 1941లో టిన్‌టిన్ నాటకమును వ్రాసిరి. ఆ నాటకము పేరు భారతదేశములో టిన్‌టిన్; నీలవజ్రపు రహస్యము దాని ఇతివృత్తము. అంతకు ముందే ఫరో చుట్టలు అను కథలో టిన్‌టిన్ మన దేశమునకు వచ్చి, ఒక కల్పిత సంస్థానపు మహారాజుకు అతిథియయ్యెను.

1944 సెప్టెంబరులో బ్రస్సెల్సు విముక్తమయ్యెను. శత్రువుల పత్రికలో పనిచేసినందులకు ఎర్జేను నాలుగు మారులు నిర్బంధించిరి. ఒక రాత్రి చెరసాలలో గడపెను. పత్రికలలో పనిచేయుటకు నిషేధము కలిగెను. సగములో నున్న ఏడు స్ఫటికగోళముల కథ నిలిచిపోయెను. తుదకు ఆతనిపై అభియోగము తేలేదు. మెల్కెబెకె మాత్రము శిక్షితుడై చెరసాల అనుభవించెను.

అప్పుడు చేయందించినవాడు రేమాఁ లెబ్లాఁ. ఈతడు జర్మనులతో పోరాడిన రహస్యోద్యమమున పాల్గొన్నవాడు. తన పేరుపై నింద లేని ఈ మనుజుడు పూచీపడినందున ఎర్జేకు మరల పనిచేయుటకు అనుమతి లభించెను. 1946 సెప్టెంబరు 26వ తేదీన టిన్‌టిన్ పేరనే వారపత్రిక వెలువడెను. నిలిచిపోయిన కథ అందు కొనసాగెను.

జాకోబ్స్ – పేరు కొరకైన తగవు

1942లో ప్రచురణకర్తలగు కాస్టర్మాన్ వారు, ఇకమీదట ప్రతి కథయు 62 పుటలలో రంగులతో ఉండవలెనని నిర్ణయించిరి. పాత కథలన్నిటిని మరల గీయవలసి వచ్చెను. ఒక్కని చేతికి అది మించిన పని. పైన చెప్పిన నాటకముల మూలమున మెల్కెబెకె ద్వారా పరిచయమైన ఎడ్గార్ జాకోబ్స్ 1944 జనవరిలో తోడు నిలిచెను. ఈతడు రంగస్థలమున గంభీర కంఠముతో పాడిన గాయకుడు. చిత్రకారుడును అగుటచే వెలుగునీడల మర్మమెరిగినవాడు. కాంగో, అమెరికా, నీల కమలము మున్నగు కథలను రంగులలోనికి మార్చుటలోను, ఏడు స్ఫటికగోళముల కథను పెంచుటలోను ఆతని హస్తము కలదు. ఎర్జేకు పాటకచేరి యన్న గిట్టదు. జాకోబ్స్‌కు అదియే ప్రాణము. వారి పరిహాసములు కాస్టాఫియోరె అను గాయని పాత్రకు బలము నిచ్చినవి.

కొంత కాలమునకు జాకోబ్స్ ఒక కోరిక కోరెను. అట్టపై ఎర్జే పేరుతో తన పేరును చేర్చవలెనని కోరెను. ఎర్జే ఒప్పుకొనలేదు. జాకోబ్స్ 1947లో విడిపోయి, బ్లేక్, మార్టిమర్ అను పాత్రల కథలతో అదే వారపత్రికలో స్వతంత్రముగా కీర్తి గడించెను. స్నేహము పూర్తిగా చెడలేదు. ఫరో చుట్టలు 1955లో రంగులతో వెలువడినపుడు, ఆ కథలోని మమ్మీలలో ఒకదానికి జాకోబినీ అని పేరు పెట్టి ఎర్జే పాత మిత్రుని తలచుకొనెను. అట్టపై చోటియ్యని పేరునకు కథలో వేళాకోళముగా చోటిచ్చెను! దీనిలో ప్రేమయు కలదు, లోభమును కలదు. పైకము పంచిపెట్టగలవారు లోకమున కలరు. పేరు పంచిపెట్టగలవారు బహు తక్కువ.

చిత్రశాల

1950 ఏప్రిలులో ఎర్జే చిత్రశాలను స్థాపించెను. బాబ్ ద మూర్, జాక్ మార్టాఁ, రోజే లలూప్ మున్నగువారు అందు పనిచేసిరి. పాత్రల బొమ్మలను ఎర్జే గీయును. గదులు, కార్లు, విమానములు, రంగులు తోడివారు పూర్తిచేయుదురు. చంద్రలోకయాత్ర కథకు అలెగ్జాండర్ అననోవ్ వ్రాసిన శాస్త్రగ్రంథమును ఆధారము చేసికొని రాకెట్టు నమూనాను సైతము తయారు చేయించెను. మానవుడు 1969లో చంద్రునిపై కాలు మోపుటకు సుమారు పదునారేండ్లకు ముందే టిన్‌టిన్ ఆ పని చేసెను. నల్ల ద్వీపము అను కథయందు 131 పొరపాట్లు కలవని ఇంగ్లండు ప్రచురణకర్తలు పట్టిక పంపగా, ఎర్జే బాబ్ ద మూర్‌ను బ్రిటనుకు పంపి, ఇండ్లను, రైళ్లను, పోలీసుల దుస్తులను చూచి గీయించి, కథనంతయు మరల వేయించెను. 1934లో ఆదివారములందు నేర్చిన పాఠము ఇది.

తెల్లని కలలు – తిరిగి కలిసిన మిత్రుడు

1958 ప్రాంతమున ఎర్జే మనస్సు కలతపడెను. చిత్రశాలలో రంగులు వేయు ఫానీ వ్లామింక్‌పై అనురాగము కలిగెను. భార్యకు ద్రోహము చేయుచున్నానను బాధ తినివేయుచుండెను. రాత్రులందు అంతయు తెల్లనై కానవచ్చు భయంకర స్వప్నములు వచ్చెడివి. స్విట్జర్లాండులోని రిక్లిన్ అను మనోవైద్యుడు పనిమానవలసినదని సలహా చెప్పెను. ఎర్జే పనిమానక ఆ తెల్లదనమునే గీసెను. అదియే టిబెట్టులో టిన్‌టిన్.

ఈ కథయందు ప్రతినాయకుడు లేడు, తుపాకి పోరులు లేవు. చాంగ్ ఎక్కిన విమానము హిమాలయములలో కూలెను. వాడు మరణించెనని అందరును నమ్మిరి. టిన్‌టిన్ ఒక్కడు నమ్మడు. ఢిల్లీలో దిగి, కుతుబ్‌మినారును ఎర్రకోటను చూచి, నేపాళము మీదుగా మంచుకొండలెక్కి మిత్రుని వెదకును. ఇరువదియైదేండ్లుగా జాడ తెలియని తన చాంగ్‌ను ఎర్జే కాగితముపై వెదకెనని వేరుగ చెప్పనక్కరలేదు. తన గ్రంథములలో దీనిపై ఎర్జేకు విశేషమైన ప్రీతి. టిబెట్టు సంస్కృతిని లోకమునకు పరిచయము చేసినందులకు 2006లో దలైలామా చేతుల మీదుగా ఎర్జే సంస్థకు సత్యజ్యోతి అను పురస్కారము లభించెను. ఎర్జే 1960లో భార్యను విడిచి, 1977లో ఫానీని వివాహమాడెను.

కాగితముపై దొరికిన మిత్రుడు భూమిపై దొరకుటకు ఇంకను కాలము పట్టెను. చాంగ్ చీనాలో శిల్పాచార్యుడై, సాంస్కృతిక విప్లవ కాలమున కష్టములు పడి, షాంఘైలోనే యుండెను. 1975 ప్రాంతమున ఆతని చిరునామా దొరకి జాబులు నడచెను. 1981 మార్చి 18వ తేదీన చాంగ్ బ్రస్సెల్సు విమానాశ్రయమున దిగెను. విడిపోయి అప్పటికి 46 సంవత్సరములు. ఇద్దరును డెబ్బదినాలుగవ ఏట ఉన్నవారు. ఎర్జే అప్పటికే జబ్బుపడి బలహీనుడై యుండెను. విలేఖరుల మధ్య, దీపముల వెలుగులో ఆ వృద్ధులు కౌగిలించుకొనిరి. చాంగ్ తన మిత్రుని ముఖమును మట్టిలో మలచెను.

నిర్యాణము

1983 మార్చి 3వ తేదీన ఎర్జే బ్రస్సెల్సులో కన్నుమూసెను. ఇరువదిమూడు కథలు పూర్తియైనవి; ఇరువదినాలుగవది చిత్తుబొమ్మలుగా నిలిచి, 1986లో అట్లే అచ్చయ్యెను. తన పిమ్మట టిన్‌టిన్‌ను ఎవరును కొనసాగింపరాదని ఆతని కోరిక. దానిని ఆతని భార్య పాటించెను. ఆ కథలు 70కి పైగా భాషలలోనికి పోయెను. 20 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయెను. మన దేశమున బెంగాలీ బాలురు ఆనందమేళా పత్రికలో వానిని తమ భాషలోనే చదివిరి. 2009లో లూవెన్ లా నవ్ అను పట్టణమున ఆతని పేర ప్రదర్శనశాల వెలసెను. చాంగ్ తుదిదినములు ఫ్రాన్సులో గడిపి 1998లో మరణించెను.

ఎర్జే దోషరహితుడు కాడు. వాలెజ్ మాట విని కాంగోను అవమానించెను. కాలమునకు లొంగి శత్రువుల పత్రికలో చేరెను. జాకోబ్స్‌కు పేరు పంచియీయ లేకపోయెను. కాని తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, పరదేశపు విద్యార్థి యొకని ముందు శిష్యునివలె కూర్చుండగలిగెను. ఆ ఒక్క వినయమే ఆతనిని కాపాడినది. ఒక జాతిని గూర్చి మనకు చెప్పబడినదానిని నమ్ముట సులభము. ఆ జాతివాని నొకనిని ఇంటికి పిలిచి ఆదివారములు గడపుట కష్టము. ఆ కష్టమునకు ఫలమే నీల కమలము.

కళలను పోషించు దాతలకును, విద్యావంతులగు యువకులకును మా విన్నపము ఒక్కటియే. మీ ఇండ్లలోని పిల్లలు ఈ కథలను చదువునపుడు అట్టపై ఎర్జే పేరు చూపుడు. పిదప పుటలు త్రిప్పి, నీల కమలములోని గోడలపై నున్న చీనా వ్రాతలను చూపి అవి చాంగ్ చేతివని చెప్పుడు. నల్ల ద్వీపములోని రైళ్లు బాబ్ ద మూర్ చూచి వచ్చినవని చెప్పుడు. రంగులలో జాకోబ్స్ శ్రమ కలదని చెప్పుడు. అట్ట ఇయ్యని గౌరవమును చదువరి యియ్యవచ్చును.